ఆ 34 పేజీలూ జిరాక్స్ తీయించి ఇవ్వాల్సింది

రెండేళ్ల కిందట, ఆగస్టులో, బీఏ రెండో సంవత్సరం అమ్మాయి ఒకతె స్టాఫ్ రూముకొచ్చి నా టేబుల్ మీద ఒక లాంగ్ నోట్‌బుక్ పెట్టింది. "మేడం, చాప్టర్ రాసేసుకున్నాను, ఒకసారి చూడండి, తప్పులేమైనా పడ్డాయేమో" అంది. ధవళేశ్వరం ఆనకట్ట, దాని కాలవలు, డెల్టా వ్యవసాయం గురించి 34 పేజీల అధ్యాయం అది. మా లైబ్రరీలో ఆ పుస్తకం ఒకటే కాపీ ఉంది. రిఫరెన్స్ కాబట్టి ఇంటికివ్వరు. సాయంత్రం క్లాసులయ్యాక కూర్చుని, గోదారి దాటించే ఆఖరి పంటు (బల్లకట్టు లాంటి పెద్ద పడవ) టైము దాకా రాసుకుని, పరుగున నరసాపురం రేవుకెళ్లి అవతల సఖినేటిపల్లి వైపు దాటేదట. నాలుగు రోజులు పట్టిందని చెప్పింది.

నోట్‌బుక్ తిప్పి చూశాను. ఆనకట్ట పటం కూడా వేసింది, స్కేలు పెట్టి, మూడు డెల్టాల ప్రధాన కాలవలు వేరువేరుగా, పేర్లన్నీ ఇంగ్లీషులో చిన్న చిన్న అక్షరాలతో. పేజీ అడుగున ఉండే ఫుట్‌నోట్లను కూడా వదల్లేదు, అయితే అవి ఫుట్‌నోట్లని తెలియక మామూలు వాక్యాల మధ్యలోనే కలిపేసి రాసింది. పద్దెనిమిదో పేజీలో నీలం ఇంకు అయిపోయినట్టుంది, సగం వాక్యం నుంచి నల్ల ఇంకు. వేళ్లకి మరక అలాగే ఉంది.

ఆ చాప్టర్ జిరాక్స్ తీయించి ఇమ్మని ఆమె క్లాసువాళ్లు అంతకు వారం ముందే నన్నడిగారు. నేను కుదరదన్నాను.

ఎందుకన్నానంటే, ఆ జూలైలో మా కాలేజీలో ఒక సర్క్యులర్ వచ్చింది. కాపీరైట్ ఉన్న పుస్తకాల నుంచి జిరాక్సులు తీసి విద్యార్థులకు ఇవ్వకూడదు, ఇస్తే ఆ అధ్యాపకులే బాధ్యులు, అని రెండు వాక్యాలు. ఎవరో ఎక్కడో ఒక సెమినార్‌కి వెళ్లొచ్చి మేనేజ్‌మెంట్‌కి చెప్పారు, జైలు శిక్ష ఉంటుందని. ఉన్న మాట నిజమే, కాపీరైట్ చట్టం సెక్షన్ 63 ప్రకారం తెలిసి ఉల్లంఘిస్తే ఆరు నెలల నుంచి మూడేళ్ల దాకా జైలు, 50 వేల నుంచి 2 లక్షల దాకా జరిమానా. స్టాఫ్ రూములో అందరం టెన్షన్ పడ్డాం, సంతకాలు పెట్టేశాం. చట్టం తెరిచి చూసినవాళ్లు ఒక్కరూ లేరు, నాతో సహా. పదహారేళ్లుగా చరిత్ర పాఠం చెప్తున్నదాన్ని, మూల పత్రం చూడకుండా దేన్నీ నమ్మొద్దని పిల్లలకి చెప్పేదాన్ని, ఆ పని నేను చెయ్యలేదు. ఆ నోట్‌బుక్ చూసిన రాత్రి కూర్చుని చదివాను. అప్పటి నుంచి దొరికినవన్నీ చదువుతూనే ఉన్నాను. నాలాగే భయపడి ఊరుకున్న లెక్చరర్లు అమలాపురంలో, పాలకొల్లులో, తణుకులో, ఎక్కడెక్కడో ఉంటారు కాబట్టి నాకు అర్థమైనదంతా ఇక్కడ రాస్తున్నాను.

మనది 1957 నాటి కాపీరైట్ చట్టం. దాన్ని చాలాసార్లు సవరించారు, పెద్ద సవరణ 2012లో. సెక్షన్ 52 అనేది ఒక పొడవాటి జాబితా, ఏ పనులు ఉల్లంఘన కిందకి రావో చెప్పేది. అందులో మొదటిదే ఫెయిర్ డీలింగ్. సొంతానికి చదువుకోవడానికి, పరిశోధనకి, విమర్శకి, సమీక్షకి, వర్తమాన సంఘటనల వార్తలకి ఒక రచనని న్యాయమైన మేరకు వాడుకోవచ్చు. మన సెమినార్లలో అందరూ పట్టుకునేది దీన్నే, ఎంత మేరకు న్యాయం అని అక్కడే కొట్టుకుంటారు. కానీ పాఠం చెప్పేవాళ్లకి అసలు ముఖ్యమైనది ఇంకాస్త కిందకి వెళ్తే దొరుకుతుంది. 52(1)(ఐ). అందులో ఉన్నది ఇంతే: బోధనలో భాగంగా ఉపాధ్యాయుడు గానీ విద్యార్థి గానీ ఏ రచననైనా ప్రతి తీసుకోవడం, పరీక్ష ప్రశ్నల్లో భాగంగా ఇవ్వడం, ఆ ప్రశ్నల జవాబుల్లో రాయడం, ఇవేవీ ఉల్లంఘన కాదు. ఇన్ని పేజీలే అని లేదు, ఇంత శాతమే అని లేదు. పది శాతం దాకా ఫర్వాలేదని స్టాఫ్ రూముల్లో ఒక లెక్క తిరుగుతూ ఉంటుంది, ఆ క్లాజులో అలాంటి అంకె ఎక్కడా కనపడదు.

మరి మా సర్క్యులర్ రాసినవాళ్లు అడిగితే చెప్పిన "రెండు భాగాల కంటే ఎక్కువ వాడకూడదు" అన్న మాట వాళ్లకి ఎక్కడ తగిలింది అని వెతికితే, దాని పైనే ఉన్న 52(1)(హెచ్)లో దొరికింది. అది అచ్చువేసి అమ్మే పాఠ్య సంకలనాల గురించి. ఎక్కువ భాగం కాపీరైట్ లేని రచనలతో బోధన కోసం ఒక సంకలనం వేసి, అందులో కాపీరైట్ ఉన్నవాటి నుంచి చిన్న చిన్న భాగాలు చేర్చుకుంటే, ఒకే రచయితవి ఐదేళ్లలో రెండు భాగాలకి మించి ఆ ప్రచురణకర్త వెయ్యకూడదు. ప్రచురణకర్తకి పెట్టిన కట్టుబాటు అది. దాన్ని తెచ్చి క్లాసులో పాఠం చెప్పే మాకు తగిలించారు.

ఈ రెండు క్లాజుల తేడా గురించే ఢిల్లీ హైకోర్టులో పెద్ద కేసు నడిచింది. ఢిల్లీ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్ ఆవరణలో రామేశ్వరి ఫొటోకాపీ సర్వీస్ అని ఒక చిన్న జిరాక్స్ కొట్టు. ప్రొఫెసర్లు సిలబస్ ప్రకారం ఏ పుస్తకంలో ఏ అధ్యాయం చదవాలో జాబితా ఇస్తే, లైబ్రరీ పుస్తకాల నుంచి ఆ అధ్యాయాలు తీసి కలిపి కట్టి కోర్సు ప్యాక్ అని పిల్లలకి ఇచ్చేది. 2012 ఆగస్టులో ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జ్, టేలర్ అండ్ ఫ్రాన్సిస్ సంస్థలు ఆ కొట్టు మీదా ఢిల్లీ విశ్వవిద్యాలయం మీదా దావా వేశాయి. ప్రపంచంలో అంత పెద్ద సంస్థలు ఒక జిరాక్స్ కొట్టు మీదకి వచ్చాయంటే ఆ కొట్టతను ఎన్ని రాత్రులు నిద్రపోలేదో అనిపిస్తుంది నాకు. విద్యార్థులూ అధ్యాపకులూ సంఘాలుగా ఏర్పడి కేసులో చేరారు. 2016 సెప్టెంబరు 16న జస్టిస్ రాజీవ్ సహాయ్ ఎండ్లా తీర్పిచ్చారు, దావా కొట్టేశారు.

ఆ తీర్పు పొడవుగా ఉంటుంది గానీ ఇంగ్లీషు కష్టమైనది కాదు, ఎవరైనా చదవొచ్చు. తన కాలంలో విద్యార్థులు లైబ్రరీలో కూర్చుని పేజీలకి పేజీలు చేత్తో రాసుకునేవాళ్లని జడ్జిగారు అందులో గుర్తు చేసుకుంటారు. చేత్తో కష్టపడి చేస్తే తప్పు కాని పని, యంత్రం వచ్చి సులువైనంత మాత్రాన తప్పెలా అవుతుంది అంటారు. ఆ చోటు చదివేటప్పటికి నా టేబుల్ మీద ఆ లాంగ్ నోట్‌బుక్ ఇంకా ఉంది, ఆ అమ్మాయికి తిరిగి ఇవ్వలేదు అప్పటికి. నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆమె రాసుకోవడం తప్పు కానప్పుడు నేను జిరాక్స్ ఇవ్వడమూ తప్పు కాదు, అంటే ఆ నాలుగు సాయంత్రాలు ఆమె చేత నేను ఊరికే రాయించాను.

ప్రచురణ సంస్థలు అప్పీలుకి వెళ్లాయి. అదే ఏడు డిసెంబరు 9న ఇద్దరు జడ్జీల డివిజన్ బెంచ్ తీర్పిచ్చింది. ముఖ్యమైన విషయాల్లో బెంచ్ కూడా అధ్యాపకుల వైపే నిలిచింది. బోధన అంటే గంట కొట్టాక క్లాసులో చెప్పే మాట ఒక్కటే కాదు, ముందు తయారీ, చదువుకోమని ఇచ్చేవి, అన్నీ అందులోకే వస్తాయి. టీచరే స్వయంగా మిషను దగ్గర నిలబడక్కర్లేదు, కొట్టువాడి చేత తీయించొచ్చు. పేజీలెన్ని అన్నది కాదు, బోధన అనే ప్రయోజనానికి ఎంత అవసరమో అంత, అదే కొలత. అయితే బెంచ్ అక్కడితో మూసెయ్యలేదు. ఆ కోర్సు ప్యాకుల్లో చేర్చినవన్నీ నిజంగా కోర్సుకి అవసరమా అన్నది సాక్ష్యాలు చూసి తేల్చమని వెనక్కి పంపింది. ఆ విచారణ జరక్కుండానే 2017 మార్చిలో సంస్థలు దావా ఉపసంహరించుకున్నాయి. అందుకని మొత్తం పుస్తకానికి పుస్తకమే తీసేస్తే ఏమిటన్నది తేలకుండా మిగిలిపోయింది. ఇంకో మాట కూడా చెప్పాలి. ఢిల్లీ హైకోర్టు తీర్పు మన ఆంధ్రప్రదేశ్ హైకోర్టుని కట్టిపడెయ్యదు. కానీ మనకీ వాళ్లకీ చట్టం ఒకటే, రేపు ఇక్కడ ఎవరైనా వాదించాల్సి వస్తే ముందు చూపించేది ఆ తీర్పునే.

హద్దులు లేవని నేను అనడం లేదు. హద్దు ఎక్కడుందో నాకు మా కాలేజీ ఎదురుగా కాలవ గట్టు మీదున్న జిరాక్స్ కొట్టులోనే తెలిసింది. తర్వాతి ఏడు ధైర్యం చేసి ఆ చాప్టర్ తీయించడానికి వెళ్లాను. పేజీ రూపాయి, 34 రూపాయలు, 41 మంది పిల్లలు. కొట్టాయన చాలా మంచివాడు, పిల్లల దగ్గర చిల్లర లేకపోతే తర్వాతివ్వమంటాడు. "మేడంగారండీ, ఒక్క చాప్టరెందుకండీ, పుస్తకం మొత్తం లాగించేసి స్పైరల్ వేసి పెట్టేస్తానండి, మూడొందలకి ఇచ్చేద్దామండి, బయట కాలేజీల పిల్లలు కూడా వచ్చి పట్టుకెళ్తారండి, ఆయ్" అన్నాడు. మంచి మనసుతోనే అన్నాడు. వద్దన్నాను. నా క్లాసులో నేను చెప్పే యూనిట్ కోసం తీసేది వేరు, ఎవరొచ్చినా అమ్మడానికి పెట్టేది వేరు. రెండోది బోధన కాదు, వ్యాపారం, చట్టం మనకిచ్చిన గొడుగు కిందకి అది రాదు. పరీక్షల విషయంలోనూ అంతే. ప్రశ్నపత్రంలో ఏ రచన నుంచైనా భాగం ఇవ్వొచ్చు గానీ, పాత ప్రశ్నపత్రాలు అచ్చేసి అమ్ముకునే ప్రచురణకర్తకి ఆ మినహాయింపు వర్తించదని 1996లోనే ఢిల్లీ హైకోర్టు చెప్పింది.

అదే కొట్టులో ఇంకో పుస్తకం గురించి కూడా మాట వచ్చింది. మా వైపు లంక గ్రామాల చరిత్ర మీద రిటైరైన మాస్టారు ఒకాయన ఊరూరూ తిరిగి రాసి, సొంత డబ్బు పెట్టి అచ్చువేయించుకున్న పుస్తకం అది. 180 రూపాయలు. కట్టలు ఇంకా ఆయన ఇంట్లో మంచం కిందే ఉన్నాయి. ఇందులోంచి కూడా అధ్యాయం తీయించమని పిల్లలు అడిగారు. తీస్తే చట్టప్రకారం తప్పు కాకపోవచ్చు. నేను మాత్రం తియ్యలేదు. లైబ్రరీ చేత ఐదు కాపీలు కొనిపించాను, పిల్లల్ని ఇద్దరికొకటి చొప్పున కొనుక్కోమన్నాను, మాస్టారిని క్లాసుకి పిలిచాను. ఆనకట్ట అధ్యాయమున్న నాలుగు వేల ఎనిమిది వందల రూపాయల విదేశీ పుస్తకాన్ని మా పిల్లలు ఎలాగూ కొనలేరు, జిరాక్స్ తీసినందువల్ల ఆ సంస్థకి పోయే అమ్మకం ఏదీ లేదు. మాస్టారికి మాత్రం పోతుంది. ఎన్ని పేజీలో లెక్కేసుకునే ముందు ఎవరికి నష్టమో చూసుకోవాలి, ఇది నా అభిప్రాయం, గట్టి అభిప్రాయం.

ఇక అసలు ఎవరినీ అడగక్కర్లేనివి ఎన్నో ఉన్నాయి, వాటి గురించి కూడా భయపడేవాళ్లని చూశాను. రచయిత బతికున్నంత కాలం, పోయిన తర్వాతి ఏడాది మొదటి నుంచి 60 ఏళ్లు, అక్కడితో కాపీరైట్ అయిపోతుంది. 1992కి ముందు అది 50 ఏళ్లే, రవీంద్రనాథ్ ఠాగూర్ రచనలకి గడువు ముగిసే వేళకి 60 చేశారు. కందుకూరి వీరేశలింగం 1919లో పోయారు, ఆయన రాసినవన్నీ ఎప్పుడో అందరివీ అయిపోయాయి. శ్రీపాద సుబ్రహ్మణ్యశాస్త్రి 1961లో పోయారు, 2022 జనవరి 1 నుంచి ఆయన రాసినవీ అంతే, మొత్తం అచ్చేసుకోవచ్చు, పేజీలు లెక్కపెట్టక్కర్లేదు. శ్రీశ్రీ 1983లో పోయారు కాబట్టి 2043 ఆఖరు దాకా ఆగాలి. ఎడిటర్ కొత్తగా రాసిన ముందుమాట, వివరణలు మాత్రం ఆ ఎడిటర్‌వి, పాత రచనతో పాటు వాటిని కలిపి తీసేయకూడదు. చరిత్ర వాళ్లకి ఇంకా మంచిది ఒకటుంది. ప్రభుత్వ ప్రచురణలకి అచ్చయిన నాటి నుంచి లెక్క, 60 ఏళ్లే. బ్రిటిష్ అధికారి హెమింగ్‌వే 1907లో తయారుచేసిన గోదావరి జిల్లా గెజిటీర్‌ని ఈ రోజు మీరు మొత్తం ప్రింటు తీసి క్లాసులో పంచొచ్చు. 1847లో మొదలై 1852కి పూర్తయిన ఆనకట్ట గురించి ఆ కాలపు ఇంజనీర్లు రాసినవీ అంతే, కాటనే 1899లో పోయాడు కదా. చట్టాల పాఠం వ్యాఖ్యానంతోనో సొంత రచనతోనో కలిపి అయితే, కోర్టు తీర్పులు ఆ కోర్టు వద్దనకపోతే, ప్రతి తీసుకోవచ్చని సెక్షన్ 52లోనే ఉంది. కాలేజీ డేకి నాటకం వెయ్యడం, క్లాసులో సినిమా చూపించడం కూడా, చూసేవాళ్లు సిబ్బంది, విద్యార్థులు, తల్లిదండ్రులు, కాలేజీకి సంబంధించినవాళ్లే అయితే ఇబ్బంది లేదు. ఊళ్లోవాళ్లకి టికెట్లమ్మితే మాత్రం వేరే సంగతి.

నన్ను ఎక్కువ ఆలోచింపజేసేది ఫోన్ల వ్యవహారం. జూలై, ఆగస్టుల్లో గోదారి పోటు మీదున్నప్పుడు పంటు ఆపేస్తారు. అవతలి ఒడ్డు పిల్లలు వారం, పది రోజులు రాలేరు, చించినాడ వంతెన మీదుగా తిరిగి రమ్మంటే ఛార్జీలకి అందరి దగ్గరా డబ్బులుండవు, లంకల్లోవాళ్లకి ఇల్లు దాటడమే కుదరదు. అలాంటప్పుడు ఆ అధ్యాయాన్ని స్కాన్ చేసి క్లాసు వాట్సాప్ గ్రూపులో పెడితే? చట్టం ప్రతి తీయడం గురించి మాట్లాడుతుంది, ఫోన్లో పంపించడాన్ని గురించి ఆ క్లాజులో విడిగా ఏమీ రాయలేదు. జనానికి అందుబాటులో పెట్టడం అనేది కాపీరైట్ చట్టంలో ఇంకో హక్కు. కాబట్టి ఇక్కడ నేల అంత గట్టిగా లేదు, ఆ సంగతి దాచను. నా పద్ధతి ఏమిటంటే, 41 మంది పేర్లతో ఉన్న మూసిన గ్రూపులో, ఆ యూనిట్ చెప్పే రోజుల్లో, ఆ 34 పేజీలే పెడతాను. అది చేతికి కాగితం ఇవ్వడం లాంటిదే అని నమ్ముతున్నాను. టెలిగ్రామ్ ఛానల్‌లో పెట్టను, యూట్యూబ్ వీడియో కింద లింకు ఇవ్వను. అక్కడ చూసేవాళ్లలో ఎవరు నా విద్యార్థో ఎవరు కాదో తెలియదు.

తెలుగు సంగతి కూడా ఉంది. 2021-22లో రాష్ట్రంలో డిగ్రీ అంతా ఇంగ్లీషు మీడియం చేశారు. పదో తరగతి దాకా తెలుగులో చదివినవాళ్లకి ఆ 34 పేజీలు జిరాక్స్ తీసి ఇచ్చినా సగం అర్థం కాదు. అలాగని వాక్యానికి వాక్యం తెలుగు చేసి పుస్తకంగా వేస్తే అది అనువాదం, అనువాద హక్కు కూడా హక్కుదారుదే. దానికీ చట్టంలో ఒక దారి ఉంది, దీన్ని గురించి మాట్లాడినవాళ్లు నాకు ఎవరూ తగల్లేదు. సెక్షన్ 32. విదేశీ రచనని బోధన కోసం భారతీయ భాషలోకి అనువదించి ప్రచురించడానికి, హక్కుదారు ఒప్పుకోకపోయినా లైసెన్సు ఇమ్మని అడగొచ్చు, రచన వచ్చి మూడేళ్లయ్యాక. అభివృద్ధి చెందిన దేశాల్లో వాడుకలో లేని భాష అయితే ఒక్క ఏడాదికే. తెలుగు విశ్వవిద్యాలయాలు, అకాడమీలు ఈ దారిలో గట్టిగా నడిచి ఉంటే మన పిల్లల చేతిలో ఎన్ని పుస్తకాలు ఉండేవో. నా మటుకు నేను చేసేది చిన్న పని. చాప్టర్ చదివి, మూసేసి, అందులోని విషయాన్ని నా మాటల్లో ఆరు పేజీల తెలుగు నోట్సుగా రాసి ఇస్తాను. విషయం మీద కాపీరైట్ ఎవరికీ లేదు, చెప్పిన తీరు మీదే.

ఈ మధ్య వచ్చిన వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్, అంటే పరిశోధన జర్నల్స్‌కి దేశం మొత్తానికి ఒకే చందా కట్టే పథకం, గురించి కూడా అడుగుతున్నారు. 2024 నవంబరు 25న కేంద్ర క్యాబినెట్ ఒప్పుకుంది, మూడేళ్లకి 6,000 కోట్లు, 30 ప్రచురణ సంస్థల దాదాపు 13,000 జర్నల్స్. మంచి పథకం. కానీ అది ప్రభుత్వ విద్యాసంస్థలకి. డెల్టాలో ఊరూరా ఉన్న మాలాంటి ప్రైవేటు డిగ్రీ కాలేజీల పిల్లలకి ఆ తలుపు తెరుచుకోలేదు. అంతకు ముందు 2021లో పార్లమెంటు స్థాయీ సంఘం ఒకటి, ఈ జిరాక్స్ మినహాయింపుని ప్రభుత్వ సంస్థలకే పరిమితం చేయాలని, ఎంతవరకు తీయొచ్చో హద్దు పెట్టాలని సిఫారసు చేసింది. చట్టం అలా మారలేదు. మారితే మాత్రం మొదట దెబ్బ తగిలేది రోజూ పంటెక్కి వచ్చి ప్రైవేటు కాలేజీలో చదువుకునే పిల్లలకి. ఆ పిల్లలు ధనవంతులని ఎవరనుకున్నారో నాకు తెలియదు, ఒకసారి ఉదయం ఎనిమిది గంటలకి నరసాపురం రేవుకొచ్చి చూడమనండి.

ఈ ఏడు జూన్‌లో ప్రిన్సిపాల్‌గారికి మూడు పేజీల ఉత్తరం రాశాను. సెక్షన్ 52లోని ఆ రెండు క్లాజులు పక్కపక్కన పెట్టి, తీర్పుల తేదీలు వేసి, సర్క్యులర్ వెనక్కి తీసుకోమని అడిగాను. ఆయన ఓపిగ్గా చదివారు, మేనేజ్‌మెంట్ న్యాయవాదికి పంపారు, మూడు వారాలకి కొత్త సర్క్యులర్ వచ్చింది. సిలబస్‌కి సంబంధించిన అధ్యాయాలు అధ్యాపకుల సంతకంతో తీయించొచ్చు, మొత్తం పుస్తకాలు తీయించకూడదు, మొదటి పేజీలో రచయిత, పుస్తకం, ప్రచురణ సంస్థ, సంవత్సరం రాయాలి. వాట్సాప్ గురించి ఇంకా ఏమీ తేల్చలేదు, మళ్లీ అడుగుతాను.

ఆ అమ్మాయి ఇప్పుడు ఎంఏ చదువుతోంది. పోయిన వారం ఫోన్ చేసి, అప్పుడు నాది పొరపాటు, జిరాక్స్ ఇచ్చి ఉండాల్సింది అని చెప్పాను. "ఫర్వాలేదు మేడం" అని, ఆ నోట్‌బుక్ ఇప్పుడు తమ్ముడు లెక్కల రఫ్ బుక్‌గా వాడుతున్నాడని చెప్పింది.

సోమవారం నుంచి ఆనకట్ట యూనిట్ మొదలవుతుంది. నిన్న సాయంత్రమే వెళ్లి కొట్టాయనకి చాప్టర్ ఇచ్చి వచ్చాను, ఈసారి 44 సెట్లు.